మావాడికి అరవై

మావాడికి మూడు పుట్టినరోజులున్నాయి. ఒకటి బడి పెట్టింది, ఒకటి పంచాంగం పెట్టింది, మూడోది వాడి కొడుకు పెట్టింది. ఇందులో అసలుది ఏదిరా అంటే, ఆ రోజు ఎవరు ఏం పెడుతున్నారో కనుక్కుని మరీ చెబుతాడు.

బడి పెట్టింది జూలై 1. 1970లో రాజమండ్రిలో మమ్మల్నిద్దర్నీ ఒకే రోజు ఒకే బళ్ళో పడేశారు. అప్పట్లో జనన ధ్రువపత్రాల గొడవ లేదు. హెడ్మాస్టారు కుర్రాణ్ణి ఎదురుగా నిలబెట్టి, కుడిచెయ్యి నెత్తిమీంచి పోనిచ్చి ఎడంచెవి పట్టుకోమనేవారు. చెవి అందితే అయిదేళ్ళు నిండినట్టు, అందకపోతే వచ్చే ఏడాది రమ్మన్నట్టు. మావాడివి చిన్నప్పట్నుంచీ పొడుగు చేతులు. (పంక్తిలో పక్కవాడి విస్తట్లో అప్పడం అందుకోవడానికి వాడికి ఇప్పటికీ వంగే పని లేదు.) నాలుగున్నరేళ్ళకే చెవి అందేసింది. నాకు అందలేదు. మా నాన్న వెనకనుంచి నెత్తిమీద ఒక్కటిచ్చేసరికి మెడ కిందికి దిగి నాకూ అందింది. హెడ్మాస్టారు తృప్తిగా తలాడించి ఇద్దరికీ 1965 జూలై 1 అని రాసేశారు. మాకే కాదు, ఆ ఏడాది చేరిన పిల్లలందరికీ అదే తేదీ. రికార్డులే నిజమైతే ఆ రోజు మా ఊళ్ళో పురిటి మంచాలు చాలి ఉండవు.

ఈ జూలై 1 వల్ల మావాడికి ఒక నెల జీతం నష్టం. సర్కారు ఉద్యోగి ఏ నెల్లో పుడితే ఆ నెలాఖరున దిగిపోతాడు. ఒకటో తేదీన పుట్టినవాడు మాత్రం అంతకుముందు నెలాఖరుకే దిగిపోవాలి. రూలు అది. మాస్టారు ఒకటికి బదులు రెండు వేసుంటే మావాడు 2027 జూలై జీతం కూడా అందుకునేవాడు. ఆయన పేరెత్తితే చాలు, మావాడు లేచి నిలబడి, భక్తిగా దణ్ణం పెట్టి, “ఆ గీత కాస్త వంకరగా గీసుంటే ఆయన సొమ్మేం పోయేదిరా!” అంటాడు.

మాస్టారు నెల తీసుకుంటే సర్కారు ఏళ్ళు కలిపింది. వాడు ఉద్యోగంలో చేరినప్పుడు దిగిపోయే వయసు 58. అంతకు ముందు 1983లో ఒకసారి దాన్ని 55కి దించి, తర్వాత మళ్ళీ 58 చేశారు. రాష్ట్రం విడిపోయిన 2014లో 60 అన్నారు. 2022 నుంచి 62. వీడు ఈదుకుంటూ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఒడ్డు ఇంకాస్త అవతలికి జరిగింది. అందుకే, “నీకు అరవై నిండుతున్నాయిరా” అంటే వాడికి నమ్మకం కుదరదు. “జీవో చూపించు” అంటాడు.

కొడుకు పెట్టింది జనవరి 1. ఫేస్‌బుక్‌లో ఖాతా తెరిచిపెట్టమంటే ఆ కుర్రాడు తొందరలో తేదీ దగ్గర ఏది ముందు కనబడితే అది నొక్కేశాడు. అప్పట్నుంచీ కొత్త సంవత్సరం రోజున మావాడికి వచ్చే శుభాకాంక్షలు ఏ లెక్కలో వచ్చాయో తెలీక, అందరికీ “మీక్కూడా” అని జవాబిస్తూ కూర్చుంటాడు.

ఇక అసలుది పంచాంగం పెట్టింది. విశ్వావసు నామ సంవత్సరం, కార్తీక బహుళ పంచమి. వాడి బతుకులో ఉన్న ఏకైక విషాదం ఇదే. కార్తీకమాసంలో వాళ్ళింట్లో కోడీ చేపా గడప తొక్కవు, ఉల్లిపాయకి కూడా వీసా ఇవ్వరు. గోదావరి జిల్లాలో పుట్టి, పులస పేరు చెబితే కళ్ళు తుడుచుకునే మనిషికి, పుట్టినరోజులన్నీ వంకాయతో వెళ్ళిపోయాయి. “మా అమ్మ ఇంకో పదిహేను రోజులు ఓపిక పట్టుంటే మార్గశిరంలో పుట్టేవాణ్ణిరా” అని ఏటా కార్తీకంలో ఒకసారి అనుకుంటాడు. వాళ్ళమ్మగారికి ఎనభై దాటాయి. ఆవిడ జవాబు కూడా ఏటా ఒకటే: “ఓపిక పట్టనిది నేనా, నువ్వా?”

సరే, పోయిన కార్తీకానికి మళ్ళీ విశ్వావసు వచ్చింది. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే మన ఏళ్ళు అరవై కదా, మనిషి పుట్టిన ఏడాది రెండోసారి ఎదురయ్యేది అరవై నిండినప్పుడే. దీని వెనక ఆకాశంలో ఒక లెక్క ఉంది. రాశిచక్రం చుట్టిరావడానికి గురుడికి సుమారు పన్నెండేళ్ళు, శనికి సుమారు ముప్పయ్యేళ్ళు. ఆయన అయిదు చుట్లు, ఈయన రెండు చుట్లు తిరిగితే ఇద్దరూ దాదాపు మొదలుపెట్టిన చోటికే చేరతారు. ఈ సంగతి వివరంగా చెబితే మావాడు ఆలోచించి, “శని రెండుసార్లు వచ్చి వెళ్ళాడంటే నమ్ముతాను. గురుడు అయిదుసార్లు వచ్చాడంటావా? నాకు ఒక్కసారీ కనబళ్ళేదే!” అన్నాడు.

నిజానికి ఒక్కసారి తప్ప, వచ్చిన ప్రతిసారీ మేమిద్దరం ఆయనకి ఎదురెళ్ళాం. గురుడు సింహరాశిలోకి అడుగుపెడితేనే గోదావరికి పుష్కరాలు. 1967లో వాడు వాళ్ళమ్మమ్మ చంకలో, నేను మా అమ్మ చంకలో మునిగాం. ఇద్దరం ఊరు అదిరేలా ఏడ్చామని రెండు కుటుంబాల వాళ్ళూ చెబుతారు.

1979 నాకు బాగా గుర్తు. ఘాట్ దగ్గర తప్పిపోయినవాళ్ళ గురించి మైకులో చెప్పే పందిరి వేశారు. తప్పిపోయి అక్కడికి చేరిన పిల్లలకి చల్లటి మజ్జిగ, పులిహోర పొట్లం ఇస్తున్నారని మావాడు కనిపెట్టాడు. తిన్నగా వెళ్ళి నేను తప్పిపోయానన్నాడు. మైకు దగ్గరున్నాయన ఏదో పనిమీద అటు తిరగ్గానే, తన ఆనవాళ్ళు తనే చదివేసుకున్నాడు: “నీలం నిక్కరు, చారల చొక్కా, తెల్లగా, చాలా అందంగా ఉండే బాబు...” వాళ్ళమ్మగారు యాభై గజాల దూరంలోనే ఉన్నారు. నీలం నిక్కరు అన్నప్పుడు ఉలిక్కిపడ్డారట. చారల చొక్కా అన్నప్పుడు లేచారట. అందంగా అనేసరికి, మావాడు కాదులే అని మళ్ళీ కూర్చున్నారు. మావాడు మూడో పొట్లం తింటూ సాయంత్రం దాకా తప్పిపోయే ఉన్నాడు.

1991 నాటికి వాడికి పెళ్ళయింది. అత్తవారి తరఫు జనం బస్సు కట్టించుకుని దిగారు. మావాడు ఎదురెళ్ళి, కాళ్ళకి నీళ్ళిచ్చి, మర్యాదలన్నీ చేసి, “మా ఇల్లు ఇరుకండి. ఈ పక్కనే మా ఇంకో ఇల్లుంది” అని మా ఇల్లు చూపించాడు. పన్నెండు రోజులూ పెసరట్లు పోసిన మా అమ్మ, వెళ్ళేటప్పుడు వాళ్ళు “మీ అబ్బాయి బంగారమండీ” అంటే, నన్నే అంటున్నారనుకుని మురిసిపోయింది. 2003 గురించి చెప్పడానికేమీ లేదు. వాడికి కాలు విరిగి పిండికట్టు, నాకు జ్వరం.

2015 నవ్వుతూ చెప్పే సంగతి కాదు. మావాడికి ఘాట్ దగ్గర డ్యూటీ పడింది. మొదటిరోజు తొక్కిసలాటలో ఏం జరిగిందో తెలుగువాళ్ళందరికీ తెలుసు. అవన్నీ అయ్యాక ఇంటికొచ్చినవాడు ఆ రోజు గురించి ఇప్పటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ అడగలేదు. మళ్ళీ పుష్కరాలు, వాడి రిటైర్మెంటు ఒకే ఏడాది, 2027లో.

ఇంత చరిత్ర ఉన్న మనిషికి షష్టిపూర్తి ఘనంగా చెయ్యాలని మా బడి బ్యాచి వాట్సాప్ గ్రూపులో తీర్మానమైంది. ఎక్కడ అన్నది మొదటి తగువు. మా చెల్లెమ్మకి, అంటే మావాడి ఇల్లాలికి, తిరుక్కడయూరు వెళ్ళాలని కోరిక. తమిళనాడులో మయిలాడుతురై దగ్గర అమృతఘటేశ్వరుడి గుడి అది. మార్కండేయుడు లింగాన్ని వాటేసుకుంటే శివుడు యముణ్ణి కాలితో తన్నిన చోటు అదేనంటారు. అరవై, ఎనభై నిండిన దంపతులు ఎక్కడెక్కడినుంచో అక్కడికి వెళ్ళి శాంతులు చేయించుకుంటారు. మావాడు వినగానే వద్దన్నాడు. “యముడి దగ్గర నా ఫైలు ఏ బీరువా కిందో కదలకుండా పడుంది. మనంతట మనం వెళ్ళి గుర్తుచెయ్యడం దేనికే? ముప్పయ్యేళ్ళు ఆఫీసులో కూర్చుని నేను నేర్చుకున్నది అదొక్కటే!” దాంతో ఊళ్ళోనే కల్యాణమండపం మాట్లాడాం.

షష్టిపూర్తుల్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1970లో విశాఖపట్నంలో శ్రీశ్రీకి షష్టిపూర్తి చేశారు. వచ్చిన రచయితల్ని మీరెటువైపు అని నిలదీస్తూ విద్యార్థులు కరపత్రం పంచారు. ఆ వేడి చల్లారకముందే, అదే ఏడాది జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం పుట్టింది. పూలదండలతో మొదలైంది ఎటుపోయి తేలిందో చూడండి. మా గ్రూపులోనూ మీరెటువైపు అన్న ప్రశ్న వచ్చింది. పూర్ణం బూరెలా, పూతరేకులా అన్న విషయంలో. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ, గుర్తింపు లేని బూరె పెడితే ఊరి పరువేం కావాలనీ ఒక వర్గం. శుభకార్యంలో బూరె లేకపోతే అది శుభకార్యమే కాదని రెండో వర్గం. మధ్యలో తాపేశ్వరం కాజా పేరెత్తినవాణ్ణి రెండు వర్గాలూ కలిసి తిట్టాయి. అతను అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. మళ్ళీ చేర్చడానికి కాజా కూడా పెట్టాల్సి వచ్చింది. చీలిక రాకుండా మూడూ పెట్టించిన మావాణ్ణి చూస్తే, వీడు ఉద్యోగంలో కాదు, రాజకీయాల్లో ఉండాల్సినవాడనిపించింది.

ఇక సన్మానం. సన్మానమంటే శాలువా. చలిదేశం గుడ్డని, సంవత్సరంలో తొమ్మిది నెలలు చెమట పట్టే ఊళ్ళో, ఫ్యాను కింద కూర్చున్న మనిషికి కప్పి చప్పట్లు కొట్టడం మనం ఎప్పుడు నేర్చుకున్నామో గానీ బాగా నేర్చుకున్నాం. పుట్టినరోజు మర్యాద అంటే మా వైపు కాటన్ దొరకి జరిగేదే. 1803 మే 15న పుట్టిన ఆ మహానుభావుడు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించి 1852కల్లా డెల్టాకి నీళ్ళిచ్చాడు. ఇప్పటికీ ఏటా మే 15న ఊరూరా ఆయన విగ్రహాలకి దండలు పడతాయి. శాలువా మాత్రం ఎవరూ కప్పగా నేను చూళ్ళేదు. మే నెల ఎండలో విగ్రహం కూడా ఒప్పుకోదు.

సన్మానపత్రం రాసే పని నామీద పడింది. తెలుగులో సన్మానపత్రానికి ఒక పద్ధతుంది. పైన పేరు, కింద పేరా పేరాకీ ఒక పిలుపు, పిలుపు పక్కన ఒక ఆశ్చర్యార్థకం. స్నేహశీలీ! కార్యదక్షా! నిరాడంబరా! ఫ్రేము కట్టే కుర్రాడు ఫోన్లో, “మీరేమీ రాయక్కర్లేదు సార్, మా దగ్గర మేటరుంది, పేరు మార్చేస్తాం” అన్నాడు. వెళ్ళి చూశాను. నిజంగానే అన్నీ ఉన్నాయి, చదువుతుంటే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. నాలుగో పేరా దగ్గర మాత్రం, “మూగజీవాల పాలిటి పెన్నిధీ! మీ చేతి చలవతో ఈనిన పశువులెన్నో!” అనుంది. ఇదేంటి బాబూ అంటే, “పశువుల డాక్టరుగారిదండి, మొన్ననే రిటైరయ్యారు. మీ సారుకి పశువుల్లేవా?” అన్నాడు.

నేనే రాస్తానని ఇంటికొచ్చి కూర్చున్నాను. ఒకటే నియమం పెట్టుకున్నాను, అన్నీ నిజాలే రాయాలని. 1986లో వర్షం వస్తోందని నా గొడుగు పట్టుకెళ్ళి, ఇప్పటికీ దాన్ని నాకే “ఇది నా గొడుగు, జాగ్రత్త” అని అరువిస్తాడని రాశాను. నా పెళ్ళిచూపులకి తోడొచ్చి, మూడు పళ్ళేల స్వీట్లు లాగించి, పిల్లవాళ్ళు నన్నొదిలేసి వాడి గోత్రం అడిగేదాకా తెచ్చాడని రాశాను. రైలు కదిలాకే ప్లాట్‌ఫారం మీదికి వస్తాడనీ, అయినా జీవితంలో ఒక్క రైలూ తప్పిపోలేదనీ రాశాను. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పటి సంగతి కూడా రాశాను. ఆ రాత్రులన్నీ వాడు వరండాలో న్యూస్‌పేపరు పరుచుకుని పడుకున్నాడు. ధైర్యం చెప్పే మాట ఒక్కటీ అనలేదు. తెల్లారగానే క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెచ్చి, దాన్ని మంచం కోడుకేసి ఠంగుమని కొట్టి చూపించి, “బాబాయిగారూ, ఇది అరిగించుకున్నవాడికి ఇంక ఏ రోగమూ రాదు. ఒక ముక్క వేసుకోండి” అనేవాడు. మంచంలో ఉండగా మా నాన్న నవ్వింది వాడి మాటలకే.

చెల్లెమ్మ తెలుగు టీచరు. అచ్చుకి ఇచ్చేముందు ఒకసారి చూడమ్మా అని కాగితం చేతికిచ్చాను. ఎర్ర పెన్ను తీసింది.

“అన్నయ్యగారూ, గొడుగు సంగతి తీసేద్దామండి. అది మొన్న మా అల్లుడుగారికి ఇచ్చారు, సభలో ఆయనుంటారు.”

తీసేశాం.

“ఈ స్వీట్ల సంగతి... వియ్యంకులొస్తారు కదా.”

అదీ పోయింది. రైలు సంగతి చదివి, పిల్లలు నేర్చుకుంటారని కొట్టేసింది. ఆసుపత్రి పేరా దగ్గర పెన్ను ఆగింది. రెండుసార్లు చదివింది. తర్వాత నావైపు చూసి, “అప్పుడు విజయనగరం క్యాంపని చెప్పారే నాతో!” అంది. నేను గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. “ఇది సభలో చదవకండి అన్నయ్యగారూ. ముందు ఇంట్లో నేనొకసారి అడగాలి” అని, ఆ పేరా ఉన్నంతమేర కాగితం జాగ్రత్తగా చింపి, మడిచి, పర్సులో పెట్టుకుంది. నా దగ్గర మిగిలింది మావాడి పేరు, కింద నా సంతకం. చేసేది లేక ఫ్రేము కుర్రాడికే ఫోను చేసి, పశువులొక్కటీ తీసెయ్యి నాయనా అన్నాను.

ఆ రోజు తెల్లారుజామునే కార్యక్రమం మొదలైంది. అరవైకి ఉగ్రరథ శాంతి, డెబ్బైకి భీమరథ శాంతి, వెయ్యి పున్నములు చూసినవాళ్ళకి, అంటే ఎనభై దాటి మరో పది నెలలు బతికినవాళ్ళకి, సహస్ర చంద్ర దర్శనం అని పంతులుగారు విడమరిచి చెప్పారు. మావాడు శ్రద్ధగా విని, “మూడూ కలిపి చేయిస్తే రేటేమైనా తగ్గుతుందాండీ?” అని అడిగాడు. పీటలమీద ఇద్దర్నీ కూర్చోబెట్టి కలశాల నీళ్ళు కుమ్మరించారు. కార్తీకపు చలి, గోదావరి గాలి. మావాడి పళ్ళు టకటకలాడుతున్నాయి. వాడి అరవయ్యేళ్ళ జీవితంలో శాలువా అవసరమైంది ఆ ఒక్క గంటే. అప్పటికి శాలువాలవాళ్ళు ఒక్కరూ నిద్ర లేవలేదు.

తర్వాత నేతిగిన్నె. కరిగిన నేతిలో ముఖం చూసుకుని దాన్ని దానం చెయ్యాలి. మావాడు వంగి చూస్తూ ఉండిపోయాడు.

“ఏం నాయనా, కనబడిందా?”

“లేదండి. చలికి నెయ్యి పేరుకుపోయిందండి.”

ఎవరో పరుగెత్తి కరిగించి తెచ్చారు. మళ్ళీ వంగాడు. ఈసారి కనబడింది. “నెయ్యి మంచిదేనండి, జుట్టే సరిగ్గా కనబడ్డం లేదు” అన్నాడు. పంతులుగారు, “ఉన్నది మాత్రమే చూపిస్తుంది” అన్నారు.

ఆపైన పెళ్ళి. పిల్లలు, అల్లుడు, మనవలు చుట్టూ నిలబడి చూస్తుండగా మంగళసూత్రం అందుకున్నాడు మావాడు. చెల్లెమ్మ తల వంచలేదు. వసారాలో ఎప్పట్నుంచో ఓ చేతక్ స్కూటరుంది. అది స్టార్టయి చాలా ఏళ్ళయింది. దాన్ని తీసేస్తానని మాటిస్తేనే తల వంచుతానంది. పంతులుగారు వాచీ చూసుకుంటున్నారు. మావాడు, “అది నీకంటే ముందొచ్చిందే” అన్నాడు. “అయితే దానికే కట్టండి” అంది. మేళం ఆగింది. వాళ్ళమ్మగారు కుర్చీలోంచి, “ఒరేయ్, స్కూటరు కాఫీ ఇవ్వదురా” అన్నారు. అంతే, మాటిచ్చేశాడు. గట్టిమేళం మోగింది. మాట తప్పే మనిషి కాదు, వారం తిరక్కుండా స్కూటరు వాళ్ళ వసారాలోంచి తీసేశాడు. ఇప్పుడది మా వసారాలో ఉంది.

పదకొండింటికి సభ. ముందు మాట్లాడినవారు “రెండే ముక్కలు చెబుతాను” అని మొదలెట్టి, తాను ఏయే జిల్లాల్లో ఎంత నిజాయితీగా పనిచేశారో బదిలీల వారీగా చెప్పుకొచ్చారు. మావాడి పేరు ఒకసారి వచ్చింది, అదీ భోజనాల ప్రస్తావనలో. రెండోవారికి సంతాపసభల అనుభవం ఎక్కువ. ఊపులో “వారి ఆత్మకి...” అని ఆగి, ఒక్క క్షణం గాల్లోకి చూసి, “...ఆత్మీయతకి నా వందనాలు” అని గట్టెక్కారు. మావాడు మాత్రం బల్లకింద చేత్తో తనని తాను ఒకసారి గిల్లి చూసుకున్నాడు. నేను పక్కనే కూర్చున్నాను కాబట్టి చూశాను.

చివర్న నేను లేచి పత్రం చదివాను. స్నేహశీలీ అన్నాను, కార్యదక్షా అన్నాను. దీనజన బాంధవా అన్నప్పుడు వెనక వరసలో వాడి దగ్గర అప్పడాలు పోగొట్టుకున్న బ్యాచివాళ్ళు గట్టిగా దగ్గారు. చదవడం అయ్యాక ఫ్రేము వాడి చేతిలో పెట్టాను. ఫొటోగ్రాఫరు కోసం ఇద్దరం దాన్ని చెరో పక్కా పట్టుకుని నవ్వుతుంటే, పెదాలు కదపకుండా నా చెవిలో, “ఎవర్రా ఈయన? చాలా మంచివాడిలా ఉన్నాడు. ఒకసారి పరిచయం చెయ్యి” అన్నాడు.

శాలువాలు గుట్ట పడ్డాయి. కప్పించుకున్నవాడు కప్పించుకున్నట్టే కూర్చోవాలి, పైనున్నది తీస్తే అది కప్పినవారికి కోపం. చివరికి ముఖం తప్ప ఏమీ కనబడకుండా పోయాడు. గుట్టలో ఒక మూల కాఫీ మరక ఉన్న శాలువా చూసి నేను గుర్తుపట్టాను. అది ఒక ఉగాది కవిసమ్మేళనంలో నాకు కప్పింది. నేను మా వీధి పెద్దమనిషికి కప్పాను, ఆయన ఇంకెవరికో కప్పారు, తిరిగి తిరిగి ఇక్కడికొచ్చింది. మర్నాడు మావాడు దాన్ని చక్కగా ఇస్త్రీ చేయించి, రంగు కాగితంలో చుట్టి, “నీకోసం ప్రత్యేకంగా తెప్పించాను” అని నాకే కప్పాడు.

అన్నట్టు, విజయనగరం క్యాంపు సంగతి చెల్లెమ్మ అడిగిందో లేదో నాకు తెలీదు. ఆ చింపిన కాగితం ఇంకా పర్సులోనే ఉందని మాత్రం తెలుసు. రైతుబజారులో చిల్లర తీస్తుంటే కనబడింది.

నేను వాడికంటే కొద్ది నెలలు చిన్న. 1966 ఉగాది తర్వాత పుట్టాను కాబట్టి నాది పరాభవ, ఇప్పుడు నడుస్తున్నది అదే. నా సన్మానపత్రం తనే రాస్తానని మావాడు ముందుకొచ్చాడు. “నీకు పిలుపులు వెతుక్కోనక్కర్లేదురా, మీ ఏడాది పేరు పెట్టి పిలిస్తే చాలు” అన్నాడు. దాన్ని ఆపడం నావల్ల కాదు గానీ, వచ్చే బంధుమిత్రులకి మాత్రం ఇప్పుడే ఒక మనవి. శాలువాలు తేవద్దు. తీరా తేవాలనే అనిపిస్తే మంచి నూలు తువ్వాళ్ళు తెండి. నాది వైశాఖమాసం. రాజమండ్రిలో అప్పుడు కప్పుకోవడానికి ఏమీ అక్కర్లేదు, తుడుచుకోవడానికే కావాలి.